డ్రైవర్ లేనప్పుడు బుకింగ్ ఎందుకు తీసుకున్నారు?

ట్రాన్స్‌పోర్టు కంపెనీ బ్రాంచి మేనేజర్ గారికి,
హైదరాబాద్.

విషయం: కోయంబత్తూరు నుంచి రావాల్సిన పంపుసెట్ల లోడు ఆలస్యం, పెట్టె పగలడం, డెమరేజ్ (గోడౌన్ అద్దె) వసూలు గురించి.

అయ్యా,

రాణీగంజ్‌లో మాకు వ్యవసాయ మోటార్ల హోల్‌సేల్ దుకాణం ఉంది. కోయంబత్తూరు నుంచి సబ్‌మెర్సిబుల్ పంపులు తెప్పించి జనగామ, సిద్దిపేట, దేవరకొండ వైపు డీలర్లకు పంపుతుంటాం. ఫిబ్రవరి చివర్లో మీ కోయంబత్తూరు ఆఫీసులో పార్ట్ లోడు (లారీలో కొంత భాగం) బుక్ చేయించి, కిరాయి అక్కడే కట్టేశాం. ఐదు రోజుల్లో హైదరాబాద్ చేరుతుందని మీ వాళ్లు బిల్టీ (బుకింగ్ రసీదు) మీద రాసి మరీ ఇచ్చారు. సరుకు మా చేతికొచ్చేసరికి మార్చి మూడో వారం.

ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే జవాబు: "డ్రైవర్లు లేరు మేడం, మేమేం చేస్తాం?" మీ ఆన్‌లైన్ ట్రాకింగ్‌లో మాత్రం సరుకు "దారిలో ఉంది". చివరికి మా కోయంబత్తూరు ఏజెంటు ఆరా తీస్తే తెలిసింది, లోడు బెంగళూరు గోడౌన్‌లో దించి పడేశారని. అక్కడి నుంచి హైదరాబాద్‌కు బండి ఉందట, నడిపే మనిషే లేడట. ఈ ముక్క మొదటి ఫోన్‌లోనే చెప్పి ఉంటే నేను వేరే ఏర్పాటు చూసుకునేదాన్ని.

మార్చిలో మోటారు ఆలస్యమంటే ఏమిటో మీకు తెలియదని అనుకోను. యాసంగి వరి పొట్ట మీద ఉంటుంది, బోర్లలో నీళ్లు కిందికి దిగుతాయి, మోటార్లు ఒకదాని తర్వాత ఒకటి కాలిపోతుంటాయి. కాలిన మోటారు బావి దగ్గర పెట్టుకుని రైతు వారం రోజులు ఆగలేడు. మా జనగామ డీలర్ రెండు మూడు సార్లు అడిగి, విసిగి, వరంగల్‌లో కొనుక్కున్నాడు. ఆయన్ని తప్పు పట్టను. వచ్చే సీజన్‌కు మళ్లీ మా దగ్గరికి వస్తాడన్న నమ్మకం మాత్రం లేదు.

ఇంకో సంగతి ఈ-వే బిల్లు, అంటే సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ పత్రం. రోజుకు 200 కిలోమీటర్ల లెక్కన, తొమ్మిది వందల పైచిలుకు కిలోమీటర్ల దూరానికి దాని గడువు ఐదు రోజులే. సరుకు మీ గోడౌన్‌లో ఉండగానే అది అయిపోయింది. గడువు తీరడానికి ఎనిమిది గంటల ముందు గానీ, తీరాక ఎనిమిది గంటల్లోపు గానీ సరుకు తీసుకెళ్తున్న ట్రాన్స్‌పోర్టరే కారణం చూపించి పొడిగించుకోవచ్చు. మీరు ఆ పని చేయలేదు. బండి కదిలే రోజున ఫోన్ చేసి "మీరే ఏదో ఒకటి చూడండి" అన్నారు. దారిలో అధికారులు ఆపి ఉంటే, మీ జాప్యానికి పన్నుకు రెండింతల జరిమానా నేను కట్టుకోవాల్సి వచ్చేది. ఆ టెన్షన్ ఎంతటిదో మీకు చెప్పినా అర్థం కాదు.

డ్రైవర్ల కొరత అబద్ధమని నేను అనడం లేదు. ఒకప్పుడు క్లీనర్‌గా బండెక్కిన కుర్రాడు నాలుగేళ్లలో స్టీరింగ్ పట్టేవాడు. ఇప్పుడు క్లీనర్‌గా వచ్చేవాడే లేడు. సిటీలో బైక్ మీద డెలివరీలు చేసుకుంటే రాత్రికి ఇంట్లో పడుకోవచ్చు కదా. మరి ఉన్న డ్రైవర్లను మీరెలా చూస్తున్నారు? సరుకు విడిపించుకోవడానికి కాటేదాన్‌లోని మీ గోడౌన్‌కు వెళ్తే, ఆ లోడు తెచ్చిన డ్రైవర్ బండి కింద గోనెపట్టా పరుచుకుని పడుకుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. పక్కన క్లీనర్ లేడు. బెంగళూరు నుంచి రాత్రంతా ఒక్కడే నడిపాడట. లోడు దించడానికి హమాలీలు దొరకక పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాడు. హాల్టింగ్ డబ్బులు (బండి ఆగిన సమయానికి ఇచ్చేవి) ఇవ్వరు, బత్తా కూడా పాత రేటేనని చెప్పాడు. లారీ డ్రైవర్‌కు మామూలుగా రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చెప్పకూడదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే ఉండేది. కొత్తగా తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకు 2025లో ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. ఆయన నడిపిన బండికి ఫ్యాను కూడా తిరగడం లేదు. అలాంటి ఉద్యోగంలో ఎవరు నిలుస్తారు? ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, ఈ ఉత్తరం సాకుగా ఆయన్ని ఏమీ అనకండి.

గోరుచుట్టు మీద రోకటిపోటు మీ డెమరేజ్. సరుకు వచ్చినట్టు మాకు కబురు పంపలేదు. తీరా వెళ్తే, గోడౌన్‌లో ఉంచినందుకు అద్దె కట్టమన్నారు! కట్టనిదే మా డీసీఎం వ్యాన్‌లోకి ఎక్కించనివ్వలేదు. ఒక పెట్టె అంచు పగిలి లోపల మోటారు కేబుల్ నలిగి ఉంటే, ఆ మాట డెలివరీ కాపీ మీద రాయడానికి మీ క్లర్క్ ఒప్పుకోలేదు. నేను అక్కడే ఫోటోలు తీసుకున్నాను.

2007 నాటి రోడ్డు రవాణా చట్టం 16వ సెక్షన్ ప్రకారం, దెబ్బతిన్న సరుకు గురించి బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఈ ఉత్తరాన్ని ఆ నోటీసుగానే తీసుకోండి. జాప్యం సంగతి అదే చట్టం పదో సెక్షన్‌లో ఉంది, మీ వకీలును అడిగితే చెబుతారు. కట్టించుకున్న డెమరేజ్ మొత్తం, ఆలస్యానికి కిరాయి, పగిలిన పెట్టెలోని మోటారు ఖరీదు నాకు తిరిగి ఇవ్వాలి. బెంగళూరులో లోడు ఎప్పుడు దించారో, ఎప్పుడు ఎక్కించారో తేదీలతో రాసి పంపండి. ఫోన్‌లో కాదు, కంపెనీ లెటర్‌హెడ్ మీద.

ఏప్రిల్‌లో ఇంకో లోడు రావాలి. దానికి మీ దగ్గర డ్రైవర్ ఉన్నాడో లేడో బుకింగ్‌కు ముందే చెప్పండి. లేడంటే వేరే ట్రాన్స్‌పోర్టులో వేసుకుంటాను.

బిల్టీ, డెమరేజ్ రసీదు, ఈ-వే బిల్లు నకళ్లు, పెట్టె ఫోటోలు జత చేశాను.

ఇట్లు,
ప్రొప్రైటర్,
వ్యవసాయ పంపుసెట్ల దుకాణం,
రాణీగంజ్, సికింద్రాబాద్.