విషయం: మా ఇంటి డక్టబుల్ ఏసీకి గాలి బ్యాలెన్సింగ్ (గదులన్నిటికీ గాలి సరిగా పంచడం) చేయకపోవడం గురించి

బ్రాడీపేట, గుంటూరు

సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. ఈ వేసవికి ముందు మీ కంపెనీ మా ఇంట్లో అయిదున్నర టన్నుల డక్టబుల్ ఏసీ (ఒకే యూనిట్ నుంచి డక్టులనే గొట్టాల ద్వారా గదులకు చల్లగాలి పంపేది) బిగించింది. యూనిట్‌లో లోపం లేదు. కానీ చల్లదనమంతా హాల్లోనే ఉండిపోతోంది, మా అమ్మ పడుకునే పడమటి గదికి చేరడం లేదు. రోహిణి కార్తెలో గుంటూరు ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. ఆ గది గోడ మీద పొద్దుగూకాక చెయ్యి పెట్టినా చురుక్కుమంటుంది. బీపీ ఉన్న పెద్దావిడ రాత్రంతా చెమటతో తడిసిపోతుంటే మాకు ఎంత టెన్షన్‌గా ఉంటుందో ఆలోచించండి.

మీ టెక్నీషియన్ వచ్చినప్పుడల్లా గ్యాస్ చూసి, ఫిల్టర్ కడిగి, 24 ఉన్నదాన్ని 18కి తగ్గించి వెళ్ళిపోతున్నాడు. థర్మోస్టాట్ ఉన్నది హాల్లో. హాలు చల్లబడగానే కంప్రెసర్ ఆగిపోతుంది. 18 పెడితే హాల్లో వణుకుతాం, కరెంటు బిల్లు పెరుగుతుంది, అమ్మ గది మాత్రం అలాగే ఉంటుంది.

టిష్యూ కాగితం హాలు గ్రిల్ దగ్గర పట్టుకుంటే రెపరెపలాడుతోంది. అమ్మ గది గ్రిల్ దగ్గర దాని కొస కూడా సరిగా కదలడం లేదు. గాలి అడ్డు తక్కువున్న దారినే పోతుంది. కాలువ మొదట్లో తూములు బార్లా తెరిస్తే చివరి ఆయకట్టుకు నీళ్ళందవని మన జిల్లాలో అందరికీ తెలుసు, ఇదీ అంతే. అందుకే ఒక్కో డక్టు బ్రాంచికి డ్యాంపర్, అంటే గాలిని తగ్గించే, పెంచే మూత పెడతారు. చివరి గదిది పూర్తిగా తెరిచి, దగ్గరి గదులవి కొద్దికొద్దిగా మూస్తూ, ప్రతి గ్రిల్ దగ్గరా అనిమోమీటర్‌తో గాలి కొలవాలి. ఒకటి మారిస్తే మిగతావీ మారతాయి కాబట్టి మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలి. ఓపికగా చేయాల్సిన పనే, కాదనను. కానీ మీ కొటేషన్‌లో 'టెస్టింగ్, బ్యాలెన్సింగ్' అని రాసి మరీ డబ్బు తీసుకున్నారు. రీడింగుల షీటు అడిగితే "ఇళ్ళకు అవన్నీ చేయం సార్" అన్నారు మీ ఇంజినీరు. డ్రాయింగ్‌లో చూపిన డ్యాంపర్లు ఇప్పుడు ఫాల్స్ సీలింగ్ పైన ఉన్నాయి, చెయ్యి పెట్టడానికి ట్రాప్ డోర్ (సీలింగ్‌లో తెరిచే చిన్న తలుపు) లేదు. సీలింగ్ వేసేవాళ్ళకు ఆ సంగతి చెప్పాల్సింది మీరే.

గదుల్లో గాలి తిరిగి యూనిట్‌కు వెళ్ళే రిటర్న్ గ్రిల్ కూడా హాల్లో ఒక్కటే ఉంది. అమ్మ గది తలుపు వేస్తే గాలి వెనక్కి వెళ్ళే దారి లేక, వచ్చే ఆ కాస్త గాలీ తగ్గిపోతోంది.

కాబట్టి మీ ఖర్చుతో ట్రాప్ డోర్లు పెట్టించి, అమ్మ గది తలుపు వేసి ఉంచి బ్యాలెన్సింగ్ చేయండి. గాలి వెనక్కి పోవడానికి తలుపుకు గ్రిల్ పెట్టాలో, కింద సందు వదలాలో చెప్పండి. డ్యాంపర్లు ఎక్కడ ఆపారో మార్కు చేసి, గదివారీ రీడింగులు సంతకంతో ఇవ్వండి. అప్పటికీ గాలి చాలకపోతే డక్టు సైజు లెక్కలు మాకు చూపించాలి.

ఈ ఉత్తరం అందిన పది రోజుల్లో పని మొదలవకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాను. అప్పటికీ కదలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపమని జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. కొటేషన్, బిల్లు, డ్రాయింగ్ కాపీలు జత చేశాను.

ఇట్లు,
మీ కస్టమర్