యమాదెరాలో మా అమ్మను ఆదుకున్న వాళ్లందరికీ

ముందు అసలు సంగతి: జపాన్‌లోని యమాదెరా కొండ దిగుతుండగా వడదెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరిన మా అమ్మ ఇప్పుడు బాగుంది. నిన్న సాయంత్రం ఇక్కడ టోక్యోలో, నిషి కసాయ్‌లోని ఇండియన్ కొట్టుకు తనే నడిచి వెళ్లి, గుప్పెడు కరివేపాకు ధర విని కొట్టువాడితో ఓ దఫా దెబ్బలాడి వచ్చింది. ఎలా ఉందని అడుగుతున్న వాళ్లందరికీ విడివిడిగా జవాబివ్వలేక అందరికీ కలిపి రాస్తున్నాను. ఇందులో ఉన్న మనుషుల్లో కొందరి పేర్లు నాకు తెలియవు, తెలిసినవాళ్లు రాయొద్దన్నారు. అందుకే పేర్లు పెట్టకుండానే పేరుపేరునా దండాలు.

పిల్లాడికి బడి సెలవులు ఇచ్చారు, అమ్మ విజయవాడ నుంచి వచ్చి ఉంది. ఆగస్టులో సెండాయ్‌లో తనబతా ఉత్సవం 6 నుంచి 8 దాకా ఉంటుంది కదా, అది చూసి ఆ పక్కనే ఉన్న యమాదెరా కొండ కూడా ఎక్కి వద్దామని బయల్దేరాం. మా ఆయనకు సెలవు దొరకలేదు. సెండాయ్ బజారు వీధుల్లో వెదురు బొంగులకు వేలాడే కాగితపు తోరణాల కింద అమ్మ చిన్నపిల్లలా తిరిగింది. మర్నాడు పొద్దున్నే సెన్‌జాన్ లైన్ రైలెక్కితే గంటలో యమాదెరా.

అక్కడి గుడి అసలు పేరు రిష్షకుజి. 860లో కట్టారంటారు. పైదాకా వెయ్యి పైచిలుకు రాతి మెట్లు. అలిపిరి నుంచి మోకాళ్ల నొప్పులతోనే తిరుమల ఎక్కిన మనిషికి వెయ్యి మెట్లు ఒక లెక్కా! "రోళ్లు పగిలే రోహిణి కార్తెలు చూసినదాన్ని, ఈ ఎండ నన్నేం చేస్తుందే" అంది. నిజానికి ఇక్కడ చంపేది ఎండ కాదు, ఉక్కపోత. చెమట పడుతుంది గానీ ఆరదు, ఒంట్లో వేడి ఒంట్లోనే ఉండిపోతుంది. పైగా యమాదెరా ఉన్న యమగతా నగరం ఆషామాషీ ఊరు కాదు. 1933లో అక్కడ నమోదైన 40.8 డిగ్రీలే 2007 వరకు జపాన్ మొత్తానికి రికార్డు. 2025 ఆగస్టు 5న గున్మాలోని ఇసెసాకిలో 41.8 వచ్చిందనుకోండి, అది వేరే సంగతి. ఉత్తరాదికి వెళ్తే చల్లగా ఉంటుందని ఇక్కడి మనవాళ్లంతా అనుకుంటాం, అందుకే చెబుతున్నాను.

ఎక్కడం బాగానే ఎక్కింది. పైన గోదైదో మండపంలో గాలికి కూర్చుని లోయ చూసి మురిసిపోయింది. దిగేటప్పుడు కాళ్ల పిక్కలు పట్టేశాయి. కాసేపటికి వేళ్లు కొంకర్లు పోయాయి, ముఖం పాలిపోయింది, "కళ్లు తిరుగుతున్నాయే" అంటూ మెట్టు మీదే కూలబడింది. కీచురాళ్ల రొదలో నా గొంతు నాకే వినపడలేదు.

వెనకాల దిగుతున్న ఇద్దరు కాలేజీ అమ్మాయిలు అడగకుండానే ఆగారు. ఒకమ్మాయి తన గొడుగు అమ్మ మీద పట్టి, మెడలోని తడి తువ్వాలు తీసి అమ్మ మెడకు చుట్టింది. రెండోది కిందకు పరుగు. ఆ మెట్ల మీద అలా పరిగెత్తడం చూస్తే నాకే భయమేసింది. ఇంతలో ఓ నడివయసు పెద్దమనిషి తన సంచి గొడుగు పట్టిన పిల్లకిచ్చి, మా ముందు వంగి కూర్చుని, వీపు చూపించాడు. అమ్మకు అర్థమైంది. "అయ్యో, పరాయి మగాడి వీపెక్కడమేమిటే, నీకేమైనా మతి పోయిందా" అంటూనే ఎక్కింది, వేరే దారి లేదు. అంత మనిషిని మోస్తూ ఆయన ఒక్కో మెట్టూ చూసుకుంటూ, మధ్యలో రెండు చోట్ల మాత్రం గోడకు ఆనుకుని, అడుగుదాకా దించాడు. అమ్మను పడుకోబెట్టి నేను వెనక్కి తిరిగేసరికి ఆయన లేడు. కనీసం ఒక గ్లాసు నీళ్లయినా ఇవ్వలేకపోయానని అమ్మ ఇప్పటికీ బాధపడుతోంది. అయ్యా, మీరెవరో గానీ మీ కడుపు చల్లగుండ.

దించింది కొండ కింద కొన్యాకు (ఒక రకం దుంపతో చేసే జెల్లీ లాంటి తిండి) అమ్మే కొట్లోకి. ముందు పరిగెత్తిన అమ్మాయి అప్పటికే అక్కడ చెప్పి ఉంచింది. వాకిట్లో పెద్ద గిన్నెలో సోయాసాస్ నీళ్లలో గుండ్రటి కొన్యాకు ఉండలు కుతకుతా ఉడుకుతున్నాయి. కొట్టు పెద్దావిడ ఆ గరిటె అక్కడే వదిలేసి, బేరానికి వచ్చినవాళ్లను ఆగమని, మమ్మల్ని వెనక తతామి చాపలు పరిచిన గదిలోకి తీసుకెళ్లింది. ఏసీ పెంచి, కూర్చునే దిండ్లు నాలుగు పేర్చి అమ్మ కాళ్లు వాటి మీద పెట్టింది. ఐస్ ముక్కలు సంచుల్లో వేసి, గుడ్డ చుట్టి, మెడకు రెండు పక్కలా, చంకల్లో, గజ్జల దగ్గర పెట్టింది. నన్ను అటు తిరగమని కూడా అనలేదు, చీర కుచ్చిళ్లు తనే వదులు చేసింది. ఓఎస్ వన్ (మన ఓఆర్ఎస్ లాంటి నీళ్లు) సీసా తెచ్చి కొంచెం కొంచెం తాగించబోయింది. అమ్మ తాగింది తాగినట్టే కక్కేసింది. అంతే, పెద్దావిడ ఇక నన్నేమీ అడగలేదు, ఫోన్ తీసి ఆంబులెన్సు నంబరు 119 కొట్టింది. వడదెబ్బ తగిలిన మనిషి తనంతట తాను నీళ్లు తాగలేకపోతే ఇంట్లో వైద్యం ఆపి ఆంబులెన్సు పిలవాలని ఇక్కడ అందరికీ తెలుసట. నేనొక్కదాన్నే ఉంటే ఇంకో సీసా తాగించి చూద్దామనుకునేదాన్నేమో.

వాళ్లాయన పిల్లాణ్ని పెరట్లోకి తీసుకెళ్లి చెట్టు కాండాలకు అంటుకున్న కీచురాళ్ల పొట్టులు ఏరించాడు. అమ్మమ్మ ఆంబులెన్సెక్కే సమయానికి మావాడి రెండు జేబులూ నిండి ఉన్నాయి.

ఆంబులెన్సులో నా జపనీస్ పనికొచ్చింది సగమే. బిల్లు కట్టడానికీ బడి నోటీసులు చదవడానికీ సరిపోయే భాష, గుండెదడ గురించి అడిగితే చాల్లేదు. సిబ్బంది ఫోన్లో ఇంగ్లీషు దుబాసీని కలిపారు. అమ్మ తెలుగులో నాకు, నేను ఇంగ్లీషులో ఫోనుకు, ఫోను జపనీస్‌లో వాళ్లకు. బీపీ మాత్ర ఏమిటని అడిగారు. మాత్రల అట్ట ఫొటో నా ఫోన్లో ఉంది. మందు పేరు చూసి, ఇది ఒంట్లో నీటిని బయటికి పంపే రకమని డాక్టరు వెంటనే పట్టుకున్నారు. సెలైన్ ఎక్కించి ఆ రాత్రికి ఉంచుకున్నారు.

ఇక మనవాళ్ల సంగతి. ఆసుపత్రి బెంచీ మీంచి టోక్యో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టాను. ఎవరో ఎవరికో పంపారు. సెండాయ్‌లో చదువుకుంటున్న ఇద్దరు తెలుగు కుర్రాళ్లు, మొహం కూడా ఎరగని వాళ్లు, బస్సెక్కి యమగతా వచ్చేశారు. ఒకడి సంచిలో పెరుగన్నం, మాగాయ. "అక్కా, ముందు మీరు తినండి, బాబును మేం చూసుకుంటాం" అన్నారు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆ మాగాయ వాసనకు వచ్చేసింది. మా ఆయన రాత్రి షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో వచ్చి చేరేదాకా వాళ్లు కదల్లేదు. తమ్ముళ్లూ, మీ డబ్బా నా దగ్గరే ఉంది, ఖాళీగా మాత్రం పంపను.

బిల్లింగ్ కౌంటర్లో ఉన్నమ్మాయికీ థాంక్స్ చెప్పాలి. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు ఇక్కడి ఆరోగ్య బీమా ఉండదు, మనలా ముప్ఫై శాతం కడితే సరిపోదు, మొత్తం కట్టాల్సిందే. అమ్మకు ఊళ్లో తీసుకున్న ట్రావెల్ ఇన్సూరెన్సు ఉందనగానే, క్లెయిముకు ఏమేం కావాలో తనే చూసి, డాక్టరు సర్టిఫికెట్ ఇంగ్లీషులో రాయించి ఇచ్చింది. సెండాయ్ స్టేషన్లో టికెట్ కౌంటరతను పండగ రద్దీలో కూడా మా సీట్లను మర్నాటికి మార్చి, నలుగురినీ ఒకే వరసలో కూర్చోబెట్టాడు.

మా పక్క ఫ్లాటు ఆంటీని మర్చిపోతే పాపం తగులుతుంది. ఒకటో తరగతి పిల్లలు బళ్లో పెంచిన అసగావో (మార్నింగ్ గ్లోరీ) పూల మొక్కను సెలవులకు ఇంటికి తెచ్చి, రోజూ చూసి డైరీ రాయాలి. మేం అనుకున్నరోజుకు రాకపోయేసరికి ఆవిడ బాల్కనీ అడ్డు మీంచి నీళ్లు పోయడమే కాకుండా, ఏ రోజు ఎన్ని పువ్వులు పూశాయో కాగితం మీద రాసి ఉంచారు. మావాడి డైరీలో ఒక్క పేజీ కూడా ఖాళీ పోలేదు.

కొట్టు పెద్దావిడకు అమ్మ తెచ్చిన ఆత్రేయపురం పూతరేకులు పార్సిల్ చేశాం. ఎలా తినాలో బొమ్మ గీసి పెట్టాం, లేకపోతే పైన చుట్టిన కాగితమనుకుని విప్పేస్తారేమోనని. వారం తిరక్కుండా ఆవిడ దగ్గర్నుంచి చల్లటి పెట్టెలో యమగతా పీచ్ పళ్లు! ఇప్పుడు మళ్లీ మేమే బాకీ. వచ్చే నెల నాన్న వస్తున్నాడు, ఈసారి కాకినాడ కాజా తెమ్మని అమ్మ ఆర్డరేసింది.

వచ్చే వేసవికి అమ్మానాన్నల్ని పిలిపించుకునే వాళ్లకు: ఇన్సూరెన్సు కాగితం, మాత్రల అట్టల ఫొటోలు ఫోన్లో పెట్టుకోండి. బయల్దేరే ముందు వడదెబ్బ అలర్ట్ ఉందేమో చూడండి. ఆంబులెన్సుకు డబ్బులవుతాయేమోనని మాత్రం ఆగకండి, ఇక్కడ దానికి పైసా తీసుకోరు.