నొప్పి బిళ్ళ వేసి గ్రౌండులోకి దింపకండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర ఒక పల్లెటూరు. మొన్న సంక్రాంతికి మా పక్క ఊళ్ళో కబడ్డీ టోర్నమెంట్ జరిగింది, లైట్లు, మైకు, కప్పులు అన్నీ బాగానే పెట్టారు, జనం కూడా విరగబడి వచ్చారు. సెమీఫైనల్లో డిగ్రీ చదివే గుంటడొకడు కూతకెళ్ళి తిరిగొస్తుంటే ఇద్దరు పట్టేసి పడేశారు, లేచాడు గానీ కుడికాలు కింద ఆనించలేకపోతున్నాడు. పక్కన కూర్చోబెట్టి చూస్తే మోకాలు అప్పటికే పొంగిపోతోంది. "నొప్పుందేటిరా" అనడిగితే "ఏటీ లేదు మేస్టారూ, దిగిపోతాను" అన్నాడు. వాళ్ళ టీమాయన ఒకాయన జేబులోంచి బిళ్ళల షీటు తీసి రెండు చేతిలో పెట్టి, వాటర్ ప్యాకెట్ కొరికిచ్చాడు. పది నిమిషాల్లో మళ్ళీ దింపారు. జనం ఒకటే చప్పట్లు.

నాకు చెయ్యి లేవలేదు సార్. ఆ కుర్రాడి వయసులో నా చేతిలో కూడా అలాగే రెండు బిళ్ళలు పెట్టారు.

నేను 2008లో చదువుకోడానికి భువనేశ్వర్ వెళ్ళాను, మా వైపు వాళ్ళకి విశాఖ ఎంతో భువనేశ్వర్ కూడా ఇంచుమించు అంతే దూరం. దానికి ముందు ఏడాదే అక్కడి గిరిజన పిల్లలు లండన్ వెళ్ళి అండర్ 14 రగ్బీ టోర్నమెంట్ గెలిచి వచ్చారు, అందుకని ఆ ఊళ్ళో రగ్బీ అంటే పిల్లలకి పిచ్చి. కొబ్బరి బస్తాలు మోసిన భుజాలు కదా నావి, హాస్టల్లో సీనియర్ ఒకడు చూసి పొద్దున్నే గ్రౌండుకి లాక్కెళ్ళాడు. బంతి కోడిగుడ్డులా ఉంటుంది, కింద పడితే ఎటు ఎగురుతుందో తెలీదు, చేత్తో ముందుకి విసరకూడదు, పక్కకో వెనక్కో మాత్రమే వెయ్యాలి, ముందుకి పోవాలంటే దాన్ని పొట్టకి హత్తుకుని నువ్వే పరిగెత్తాలి. స్క్రమ్ అని ఒకటుంటుంది, అటు ఎనిమిది మంది ఇటు ఎనిమిది మంది వంగి, భుజాలు కలిపి ఒకళ్ళనొకళ్ళు నెట్టుకోవడం. నేను ముందు వరసలో ఉండేవాణ్ణి. అవతలివాళ్ళ తలలకి రాసుకుని చెవులు చితికిపోకుండా కరెంటు పనికి వాడే నల్ల టేపు తల చుట్టూ చుట్టుకునేవాళ్ళం, మ్యాచ్ అయ్యాక ఆ టేపు పీకితే జుట్టు కూడా ఊడొచ్చేది. అయినా ఎంత సంతోషంగా ఉండేదో. అంతసేపు నెట్టుకుని, లాక్కుని, బురదలో దొర్లి, అయిపోయాక రెండు టీములూ పక్కపక్కన కూర్చుని అన్నం దాల్మా తినేవాళ్ళం, ఆ ఆటలో అదొక పద్ధతి. నాకు ఒరియా వచ్చింది అక్కడే, ఇప్పటికీ పండక్కి ఫోన్ చేసేవాళ్ళు ఆ గ్రౌండు వాళ్ళే. ఆ ఆట ఆడినందుకు నాకు ఏ రోజూ బాధ లేదు, ఇది ముందే చెప్తున్నాను.

రెండో ఏడాది వానాకాలంలో ఒక మ్యాచ్‌లో స్క్రమ్ కూలిపోయింది, నా ఎడమ మోకాలు మెలిపడి లోపల టప్ మని చప్పుడు నాకే వినబడింది. మా సారు నొప్పి బిళ్ళలిచ్చారు, గుడ్డ గట్టిగా కట్టారు, సాయంత్రానికి వాచిపోయింది, వారం తరవాత మళ్ళీ ఆడాను. అప్పట్నుంచి ఏడాదిన్నర పాటు ప్రతి మ్యాచ్‌కి ముందు రెండు బిళ్ళలు, ఒక్కోసారి ప్రాక్టీసుకి కూడా. మెడికల్ షాపులో చీటీ అడిగేవాళ్ళే లేరు. మా సారు చెడ్డవారు కాదు, ఆయన ఆడే రోజుల్లో ఆయనకీ అలాగే ఇచ్చుంటారు. నాలుగేళ్ళ తరవాత మెట్లు దిగుతుంటే కాలు జారినట్టయి పడిపోతే విశాఖలో స్కానింగ్ తీశారు, లిగమెంట్ పూర్తిగా తెగిపోయి ఉంది, గుజ్జు అరిగిపోయింది. మొదటి రోజే ఆట ఆపి ఉంటే ఇంత అయ్యేది కాదన్నారు డాక్టరు.

డబ్బుల్లేక ఆపరేషన్ చేయించుకోలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి మా కొబ్బరి తోట మొత్తం పడుకోబెట్టేసింది, నాన్న నిలబెట్టిన చెట్లు. మళ్ళీ మూడడుగుల గోతులు తవ్వి మొక్కలు పెట్టాలి, అవి కాపుకి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో కొబ్బరితోటలుండే మా ఉద్దానం ప్రాంతం వాళ్ళందరికీ తెలుసు. ఎడమకాలు చాపుకుని కూర్చుని తవ్వాను, చెట్టెక్కడం మాత్రం ఇంక నా వల్ల కాదు. ఆ రోజుల్లో రాత్రి పడుకోవాలంటే బిళ్ళ వేసుకోవాల్సిందే.

2021లో ఊళ్ళో రక్తపరీక్షలు చేస్తే, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ నాకు 1.8 ఉంది, ఉండాల్సిన దానికంటే ఎక్కువ. డాక్టరమ్మ అడిగిన మొదటి మాట "నొప్పి బిళ్ళలు వాడేవా బాబూ" అని. మా చిన్నాన్న డయాలసిస్ మీదే పోయాడు, నాకు చేతులు చల్లబడిపోయాయి. ఉద్దానంలో ఇంతమందికి వస్తున్న కిడ్నీ జబ్బుకి కారణం ఫలానా అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు, నాకు బిళ్ళల వల్లే వచ్చిందని నేను అనను. కానీ డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు కిడ్నీకి మంచివి కాదని, మా ప్రాంతం వాళ్ళు వాటి జోలికే పోవద్దని డాక్టర్లు చెప్తున్నారు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి తెరిచింది కూడా మా ఉద్దానం జబ్బు కోసమే కదా. ఇంత జరుగుతున్న చోట చెమట కారి ఒంట్లో నీళ్ళు తగ్గిపోయిన పిల్లాడికి ఆట మధ్యలో అవే బిళ్ళలు మింగించి దింపుతున్నాం. ఎండిపోయిన ఒంటికి ఆ మందు ఇంకా చేటు.

పిల్లలు నొప్పుందని చెప్పరు సార్. ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 2 శాతం నుంచి 3 శాతం చేశారు, మంచిదే, కానీ దాంతో సర్టిఫికెట్ మీద ఆశ ఇంకా పెరిగింది, కూర్చుంటే ఆ కాగితం పోతుందని వాడి భయం. అందుకే ఆపాల్సింది పెద్దవాళ్ళు. రగ్బీలో ఇప్పుడు తలకి దెబ్బ తగిలిందని అనుమానం వస్తే చాలు, ఊరి ఆటల్లో ఆ మనిషి ఆ రోజుకి మళ్ళీ దిగకూడదు, న్యూజిలాండ్‌లో రిఫరీ నీలం కార్డు చూపించి బయటికి పంపేస్తాడు, ఆటగాడు ఎంత బతిమాలినా వినరు. మన కబడ్డీ, వాలీబాల్ టోర్నమెంట్లలో కూడా రిఫరీకి అలాంటి అధికారం ఇవ్వాలి, కాలు ఆనించలేనివాణ్ణి, కళ్ళు తిరిగినవాణ్ణి బయట కూర్చోబెట్టేసి అంతటితో మాట ముగించాలి. స్కూల్ గేమ్స్ అయినా యూనివర్సిటీ మ్యాచ్ అయినా ఒక ఫిజియో ఉండాలి, ఫిజియోథెరపీ చదివే పిల్లలు ఉన్నా చాలు. ఉద్దానం మండలాల నుంచి టీములోకి తీసుకునే ప్రతి పిల్లాడికీ, ఆడపిల్లలకీ కూడా, పీహెచ్‌సీలో క్రియాటినిన్ పరీక్ష చేయించి ఆ చీటీ పీఈటీ సారు దగ్గర పెట్టుకోవాలి, అదేమంత ఖర్చు కాదు. శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తి గారి పేరుతో ఉన్న స్టేడియంలో దెబ్బలు తగిలిన ఆటగాళ్ళ కోసం ఒక గది, వారానికి రెండు రోజులొచ్చే ఫిజియో ఉంటే మాలాంటివాళ్ళు కాలు ఈడ్చుకుంటూ విశాఖ పోనక్కర్లేదు. 2000లో సిడ్నీ నుంచి కరణం మల్లేశ్వరి గారు పతకం తెచ్చిన జిల్లా ఇది, ఆటగాళ్ళకి ఈ మాత్రం చెయ్యలేమా. కలెక్టరు గారు, క్రీడాశాఖ వాళ్ళు దయచేసి చూడాలి.

ఆ రోజు కూతకెళ్ళిన గుంటణ్ణి తరవాత వాళ్ళింటికెళ్ళి కలిశాను. మోకాలికి స్కానింగ్ ఇంకా తియ్యలేదు, వాళ్ళమ్మ ఆకు పసరు కడుతోంది. వచ్చే సోమవారం నేనే పలాస తీసుకెళ్తున్నాను. ఉగాదికి మళ్ళీ టోర్నమెంట్ ఉందంట, కమిటీ వాళ్ళతో మాట్లాడాను, ఐస్ డబ్బా, క్రేప్ బ్యాండేజీలు పట్టుకుని లైను పక్కన కూర్చుంటాను, బిళ్ళల షీటు ఎవరి జేబులో ఉన్నా ముందు నాకివ్వాలని చెప్పాను. సరే అన్నారు.

ఇట్లు,
ఒక పాత రగ్బీ ఆటగాడు,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా