సంతకం పెట్టని కౌంటెస్ గురించి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం బుక్‌లో ఇంగ్లండ్ కోటల మీద ఫుల్ పేజీ వేశారు, ఫొటోలు బావున్నాయి, కాదనను. కానీ అందులో లేడీ ఆన్ క్లిఫర్డ్ అనే ఆవిడకి రెండే రెండు లైన్లు కేటాయించి, పుట్టుకతోనే అదృష్టవంతురాలు, ఐదు కోటలు కలిసొచ్చాయి అని తేల్చేశారు. ఆ "కలిసొచ్చాయి" దగ్గరే నాకు టిఫిన్ దిగలేదండీ. ఉత్తరం కొంచెం పొడుగైంది, కట్ చేస్తే చేయండి గానీ కోడి సంగతి మాత్రం ఉంచండి.

నాకెలా తెలుసు అంటే, మా అమ్మాయి లీడ్స్‌లో ఉంటుంది, పురిటికని వెళ్లి ఆర్నెల్లున్నాను. ఒక శనివారం అల్లుడు గారు ట్రైన్‌లో స్కిప్టన్ అనే ఊరు తీసుకెళ్లారు, గంట కూడా పట్టలేదు, ఆ ఐదు కోటల్లో ఒకటి అక్కడే ఉంది. కోట గేటు మీద ఆకాశానికి ఆనుకుని రాతి అక్షరాలు ఉంటాయి, "దెజోర్మె" అని ఫ్రెంచ్ మాట, ఇకమీదట అని అర్థమట. లోపల చిన్న రాతి వాకిలి, మధ్యలో యూ అనే జాతి చెట్టు, మన ఊళ్లో గుడి ముందు రావిచెట్టులాగా నిండుగా ఉంది, 1659లో ఆవిడ నాటించిందే. ఆ చెట్టు కింద చలికి వణుకుతూ కూర్చుని మా అల్లుడు చెప్తే విన్నాను, ఇంటికొచ్చాక అమ్మాయి చేత చదివించుకుని మరీ విన్నాను.

ఆవిడ పుట్టింది ఆ కోటలోనే, 1590 జనవరి 30న. తండ్రి జార్జ్ క్లిఫర్డ్, కంబర్లండ్‌కి మూడో ఎర్ల్, అంటే మన జమీందార్లకంటే చాలా పైమెట్టు. ఈయన స్పెయిన్ వాళ్ల ఓడల్ని దోచుకోడానికి సొంత డబ్బుతో ఓడలు కట్టించి ఆస్తంతా అప్పుల పాలు చేశాడు. ఇంకో సంగతి వినండి, 1600 డిసెంబర్ 31న ఈస్టిండియా కంపెనీకి ఎలిజబెత్ రాణి ఇచ్చిన చార్టర్‌లో మొట్టమొదటి పేరు ఈయనదే. ఈయన కట్టించుకున్న ఓడనే కంపెనీ వాళ్లు కొని రెడ్ డ్రాగన్ అని పేరు మార్చి 1601లో తమ తొలి ప్రయాణానికి పంపారు, ఇంకో పదేళ్లకి, 1611లో, మన మచిలీపట్నంలో దిగారు. పేజీ మొత్తం రాశారే, మన బందరుకి తగిలే ఈ ముక్క ఎలా వదిలేశారండీ?

సరే, 1605లో ఆ తండ్రి పోయాడు. మగపిల్లలిద్దరూ చిన్నప్పుడే పోయారు, మిగిలింది ఈ పదిహేనేళ్ల పిల్ల ఒక్కతే. ఆయన విల్లులో ఏం రాశాడంటే కోటలూ భూములూ తమ్ముడికి, కూతురికి 15,000 పౌండ్లు. మన భాషలో పసుపు కుంకుమ అన్నమాట. కానీ ఆ భూముల మీద రెండో ఎడ్వర్డ్ రాజు కాలం నాటి పాత దస్తావేజు ఒకటుంది, కొడుకైనా కూతురైనా కన్న సంతానానికే చెందాలని. ఆ కాగితం పట్టుకుని వాళ్లమ్మ మార్గరెట్ కోర్టుకెక్కింది. తల్లీ కూతురూ ఇద్దరే, అటువైపు బాబాయి, ఆయన వెనక లోకమంతా.

1609లో రిచర్డ్ సాక్‌విల్‌తో పెళ్లైంది, కొద్ది రోజులకే ఆయన డోర్సెట్ ఎర్ల్ అయ్యాడు, ఎర్ల్ భార్య కాబట్టి ఈవిడ కౌంటెస్ అయింది, కెంట్‌లో నోల్ అనే మహా పెద్ద భవంతికి వెళ్లింది. ఈ మొగుడు గారికి చేతిలో డబ్బు నిలవదు. భూముల మీద దావా వదులుకుంటానని భార్య రాజీ కాగితం మీద సంతకం పెడితే రొక్కం తన చేతికొస్తుందని ఆశ. ఈవిడ పెట్టదు. ఆవిడ డైరీలో 1616లో రాసుకుంది, ఆయన లండన్‌లో కోడిపందేలకీ నాటకాలకీ గుర్రప్పందేలకీ తిరుగుతుంటే నేనిక్కడ పల్లెలో ఎడారిలో గుడ్లగూబలా ఉన్నాను, రాజీకి ఒప్పుకోలేదని అందరూ నన్నే తప్పుపడుతున్నారు అని. కోడిపందేలు అనగానే నేను పైకే నవ్వాను, భీమవరం ఒక్కటే అనుకున్నాం గానీ. ఆ నవ్వు ఎంతోసేపు లేదులెండి, అదే ఏడాది ఆ మొగుడే రెండేళ్ల కూతుర్ని తల్లి దగ్గర్నుంచి తీయించి వేరే చోటికి పంపించేశాడు, సంతకం కోసం. అప్పుడే అమ్మ కూడా పోయింది.

చర్చికి పెద్ద అయిన ఆర్చిబిషప్పు గారొచ్చి నచ్చజెప్పాడు, వినలేదు. 1617 జనవరిలో జేమ్స్ రాజు గారి ముందు నిలబెట్టారు, అందరూ తమ గొడవ నా చేతుల్లో పెట్టండి అన్నాడాయన, మొగుడూ బాబాయీ సరే అన్నారు, ఈవిడ ఒక్కతే, నేను బతికుండగా వెస్ట్‌మోర్లండ్‌ని, అంటే తండ్రి భూములున్న సీమని, ఏ షరతు మీదా వదులుకోనంది. ఇంకా చిత్రం, రాజుని గుడ్డిగా నమ్మకు, మోసం చేస్తాడేమో అని చెవిలో చెప్పింది ఎవరనుకున్నారు, రాజు గారి భార్యే! ఆ ఏడాది మార్చిలో రాజు తీర్పిచ్చేశాడు, భూములు బాబాయికి, 17,000 పౌండ్లు మొగుడికి. ఆవిడ సంతకం లేకుండానే.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పాలి, ఏమనుకోకండి. నాకు 1983లో పెళ్లైంది, ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది 1985 నుంచి, అప్పటికే పెళ్లైన వాళ్లకి అది వర్తించలేదు, 2005లో సెంట్రల్ చట్టం మారాక వర్తించింది. నాన్న 2011లో పోయారు. పెద్దకర్మ అయిన మూడో రోజున రిజిస్ట్రార్ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చోబెట్టి, నిమ్మకాయ సోడా తాగించి, హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించుకున్నారు, తర్వాత పట్టుచీర పెట్టారు. బలవంతం ఎవరూ చెయ్యలేదండీ, అదే నా బాధ. వేలికంటిన ఇంకు కొబ్బరినూనె రాసినా రెండ్రోజులు పోలేదు. అందుకని 400 ఏళ్ల కిందట ఎక్కడో ఒకావిడ రాజు ముందు నిలబడి పెట్టను అందంటే నాకు వేరేగా వినిపిస్తుంది.

తర్వాతది క్లుప్తంగా చెప్తాను. మొదటి మొగుడు 1624లో పోయాడు, 1630లో పెంబ్రోక్ ఎర్ల్‌ని చేసుకుంది, ఆయనతోనూ పడలేదు, నాలుగైదేళ్లకే వేరుగా ఉంది. బాబాయి పోయాడు, బాబాయి కొడుక్కి మగసంతానం లేదు, అతను కూడా 1643 డిసెంబర్లో పోతే అప్పుడు ఆస్తి ఈవిడకి తిరిగొచ్చింది. తండ్రి పోయిన 38 ఏళ్లకి. ఆ టైమ్‌లో అక్కడ అంతర్యుద్ధం, స్కిప్టన్ కోటని మూడేళ్లు ముట్టడించి పాడు చేశారు, చివరికి 1649లో, 59 ఏళ్ల వయసులో సొంతూరు వెళ్లింది. మన దగ్గరైతే ఆ వయసుకి మోకాళ్ల నొప్పులని కూర్చుంటాం, ఈవిడ స్కిప్టన్, యాపిల్‌బీ, బ్రూమ్, బ్రఫ్, పెండ్రాగన్ అన్ని కోటలూ మళ్లీ కట్టించి, ఒక కోట నుంచి ఇంకో కోటకి మకాం మారుస్తూ తిరిగింది. కలిసొచ్చినవి గోడలు కూలిన కోటలండీ.

దేవత అని మాత్రం నేననను. రైతుల దగ్గర పాతబాకీలన్నీ ముక్కుపిండి వసూలు చేసింది. ఒక బట్టల వ్యాపారి ఏడాదికి ఒక కోడి కప్పం కట్టాలి, కట్టనన్నాడట, ఒక్క కోడి కోసం 200 పౌండ్లు ఖర్చుపెట్టి దావా గెలిచి, ఆ వ్యాపారినే భోజనానికి పిలిచి అదే కోడిని వండించి ఇద్దరూ తిన్నారని అక్కడ కథగా చెప్పుకుంటారు. తనకి జరిగింది గుర్తుంటే ఇంత పట్టింపు ఎందుకో మరి, లేక గుర్తుండబట్టేనేమో.

ఇంకో తప్పు కూడా చూసుకోండి. నోల్ భవంతి ఫొటో కింద వీటా సాక్‌విల్ వెస్ట్ ఆ ఇంటి వారసురాలు అని రాశారు, కాదు. ఆవిడ ఆన్ మొదటి మొగుడి సాక్‌విల్ వంశంలోని రచయిత్రి, 1892లో అక్కడే పుట్టింది, ఒక్కతే కూతురు, అయినా 1928లో తండ్రి పోతే ఆడపిల్ల కాబట్టి ఇల్లూ బిరుదూ బాబాయికే పోయాయి. ఆన్ డైరీని 1923లో అచ్చు వేయించింది కూడా ఈవిడే. సింహాసనానికి 2013లో రూలు మార్చుకున్నారు గానీ ఎర్లు, డ్యూకు బిరుదులు చాలావరకు ఈ రోజుకీ మగపిల్లలకే.

ఆన్ 1676 మార్చిలో బ్రూమ్ కోటలో, తండ్రి పుట్టిన గదిలోనే పోయింది, 86 ఏళ్లు, ముందు రోజు వరకు డైరీ రాయించింది. 1616 ఏప్రిల్ 2న వాళ్లమ్మని చివరిసారి సాగనంపిన చోట, ఆ కోటకి దగ్గర్లోనే రోడ్డు పక్కన, 1656లో ఒక స్తంభం కట్టించి, ఏటా అదే తారీఖున ఊళ్లో పేదలకి 4 పౌండ్లు పంచమని ఏర్పాటు చేసింది. పక్కనే ఉన్న రాతి మీద ఆ డబ్బు పెట్టి ఇప్పటికీ పంచుతారు. లీడ్స్‌లో మా అమ్మాయి తాగే కాఫీ ఒకటి వస్తుంది దాంతో. వచ్చే ఏప్రిల్ 2కి ఆ స్తంభం ఫొటో చిన్నదైనా సరే వెయ్యండి, కింద ఆవిడ పేరుతో పాటు వాళ్లమ్మ పేరు కూడా రాయండి.

ఇట్లు,
మీ పాత చందాదారు,
తెనాలి