గోదావరి జిల్లాలకు ఒక పెప్టైడ్ ల్యాబ్ ఇవ్వండి

రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను కోనసీమలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. లోహాలతో, పెప్టైడ్‌లతో (అమైనో ఆమ్లాల చిన్న గొలుసులతో) కంటికి కనబడనంత చిన్నవైన నానో నిర్మాణాలు తయారుచేసే పరిశోధనకు గోదావరి జిల్లాలన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి ల్యాబ్ మంజూరు చేయమని అడుగుతున్నాను.

మా చెరువుల్లో పెరిగే వనామి రొయ్యనే చూడండి. దాని రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హీమోసయనిన్ అనే ప్రోటీన్. ఆక్సిజన్ పట్టుకునే చోట రెండు రాగి పరమాణువులుంటాయి. ఒక్కోదాన్ని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు మూడేసి పట్టి ఉంచుతాయి. వాటి మధ్యకు ఆక్సిజన్ చేరగానే నీలం రంగు వస్తుంది. ఆ ప్రోటీన్ ముక్కలు ఆరేసి చొప్పున వాటంతట అవే జట్టు కడతాయి. శాస్త్రవేత్తలు ఈ పనినే ముందుగా లెక్కవేసి చేస్తున్నారు. చిన్న పెప్టైడ్‌లో హిస్టిడిన్ ఎక్కడుండాలో నిర్ణయించి, లోహం కలుపుతారు. పల్లాడియం అనే లోహం బదులు జింకు వేస్తే బంధాల దిశలు మారతాయి, దాంతో ఆకారమే మారిపోవచ్చు.

2003లో ఇజ్రాయెల్‌లో రెచెస్, గాజిట్ అనే శాస్త్రవేత్తలు రెండే రెండు అమైనో ఆమ్లాలున్న పెప్టైడ్‌తో నానో గొట్టాలు చేశారు. వాటిలో వెండి నింపి, పైనున్న పెప్టైడ్‌ను ఎంజైముతో తొలగించి వెండి తీగలు తీశారు. ఎంత అందమైన పని!

మా ల్యాబ్‌లో పిల్లలు గుడ్డు తెల్లసొనలో క్షారం పోసి, రెండు చుక్కల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ద్రావణం వేస్తారు. ఊదా రంగు తేలుతుంది. రాగి, పెప్టైడ్ బంధం వాళ్ల కళ్లముందే కనబడుతుంది. "తర్వాతేంటి సార్?" అంటారు. తర్వాత చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. శాంపిల్ హైదరాబాద్‌కో విశాఖకో పంపాలి. దారిలో ఆరిపోతే నిర్మాణం మారిపోతుంది, ఏం తయారైందో తేలదు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టింది అమెరికా వెళ్లాకే. ఇన్నేళ్లకైనా మా పిల్లలకు ఇక్కడే పని దొరకాలి. రేపే రొయ్యల జబ్బులకు మందు వస్తుందని నేను చెప్పను. కానీ ఆ ప్రశ్న అడగాల్సింది ఇక్కడివాళ్లే.

మెషీన్ కొనడం ఒక ఎత్తు, నడపడం ఒక ఎత్తు. నేను ఇదివరకు పనిచేసిన చోట మంచి పరికరం ఒకటి టెక్నీషియన్ లేక ముసుగేసుకుని పడి ఉంది. అందుకే పెప్టైడ్‌లు తయారుచేసే సింథసైజర్, మైక్రోస్కోప్‌లతో పాటు పర్మనెంట్ టెక్నీషియన్ పోస్టులు, ఏటా రసాయనాలకు డబ్బు, మా ఉప్పుగాలికి తట్టుకునే ఏసీ గది కూడా ఇవ్వండి. రాజమండ్రిలో పెట్టినా, కాకినాడలో పెట్టినా మాకు సంతోషమే. అంతర్వేది పిల్ల పొద్దున బస్సెక్కి వెళ్లి, పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరగలిగితే చాలు.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక కెమిస్ట్రీ లెక్చరర్