మన హైస్కూలు కోసం 2024–25లో వచ్చిన డబ్బు, అయిన ఖర్చు

బెంగళూరులో ఉంటున్న మన బడి పాత విద్యార్థులందరికీ, చందా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ నమస్కారం. 2024 జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి 2025 ఏప్రిల్ ఆఖరు దాకా కమిటీ చేతికి వచ్చిన ప్రతి రూపాయి లెక్కా ఇందులో ఉంది. నెలకు యాభై ఇచ్చినవాళ్లకైనా, ఒకేసారి పదివేలు ఇచ్చినవాళ్లకైనా అడిగే హక్కు ఒకటే కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు జమ చెబుతాను. పోయిన ఏడాది మిగులు 11,340 రూపాయలు. నెలనెలా ఇచ్చే చందాలు మొత్తం 1,26,500. నవంబరు 17 ఆదివారం మారతహళ్లిలో మన సభ్యుడి అపార్టుమెంటు హాల్లో అందరం కలిసి భోంచేసిన రోజు డబ్బాలో పడింది 18,260. పదో తరగతి అయి పాతికేళ్లు నిండిన 1999 బ్యాచ్ వాళ్లు ఇచ్చింది 40,000. బ్యాంకు వడ్డీ 1,274. అన్నీ కలిపి 1,97,374 రూపాయలు.

1999 బ్యాచ్ వాళ్ల గురించి ఒక మాట. వాళ్లు మొదట బడి గేటుకు ఆర్చి కట్టించాలని అనుకున్నారు. హెచ్ఎం మేడంతో ఫోన్లో మాట్లాడాక, ఆడపిల్లల బాత్రూములకు తలుపులు సరిగా లేవని తెలిసి, ఆర్చి మాట పక్కన పెట్టేశారు. తమ పేర్లు కూడా ఎక్కడా రాయించొద్దన్నారు. వాళ్లిచ్చిన దాంట్లో 14,650 రూపాయలతో మూడు తలుపులు, గడియలు, రెండు కుళాయిలు, మోటారు రిపేరు, మూత ఉన్న డబ్బాలు వచ్చాయి. మిగతాది వాళ్ల అనుమతితోనే పదో తరగతి ఖర్చులో కలిపాం.

ఇక అన్నిటికంటే పెద్ద ఖర్చు, అందరూ ఎక్కువగా అడిగిన ఖర్చు: ఆటోలు. 58,800 రూపాయలు.

మన కాలంలో లాగే ఇప్పుడూ పదో తరగతికి సాయంత్రం స్టడీ అవర్ ఉంది. నాలుగుకి బడి వదిలాక ఆరుంబావు దాకా చదివిస్తారు. చుట్టుపక్కల పల్లెలకు పోయే ఆఖరి బస్సు ఐదు లోపే వెళ్లిపోతుంది. ఊళ్లో ఉండే పిల్లలకు ఇబ్బంది లేదు. మగపిల్లలు సైకిళ్ల మీద పోతారు. కానీ డిసెంబరులో ఆరింటికే చీకటి పడుతుంది, ఆ చీకట్లో ఆడపిల్లలను ఎవరు పంపుతారు? అంతకుముందు ఏడాది ఊరి నుంచి పోయే రెండు దారుల్లోని పల్లెల ఆడపిల్లలు ఒక్కరు కూడా స్టడీ అవర్‌కు ఉండలేదు. చదవాలని లేక కాదు, బస్సు కోసమే బ్యాగు సర్దుకుని పోయేవాళ్లు.

ఈసారి అలాంటి పిల్లలు 13 మంది. ఒక దారిలో ఏడుగురు, ఇంకో దారిలో ఆరుగురు. దూరం దారికి 400, దగ్గర దారికి 300 చొప్పున రెండు ఆటోలు మాట్లాడాం. నవంబరు 18 నుంచి మార్చి 15 దాకా 84 సాయంత్రాలు తిరిగాయి. ఆటో నడిపేవాళ్లు ఇద్దరూ ఆ పల్లెల వాళ్లే, పిల్లల ఇళ్లు తెలిసినవాళ్లు. ఇంటికి చేరగానే ఆఖరున దిగిన అమ్మాయి వాళ్ల ఇంటి నుంచి హెచ్ఎం మేడానికి ఫోన్ చేయాలనేది ఒప్పందం. ఒక్క రోజు కూడా తప్పలేదు.

మారతహళ్లి భోజనాల రోజున కొందరు అన్నలు ‘పదమూడు మందికే ఇంత ఖర్చా, అదే డబ్బుతో అందరికీ ఏదైనా కొనొచ్చు కదా’ అన్నారు. న్యాయమైన ప్రశ్నే. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, మధ్యాహ్నం అన్నం, గుడ్డు, చిక్కీ ప్రభుత్వం అందరికీ ఇస్తోంది. మనం మళ్లీ అందరికీ తలా ఒకటి పంచితే ఫొటో బాగుంటుంది, ఆ పదమూడు మంది మాత్రం నాలుగున్నరకే బస్టాండులో ఉంటారు. కమిటీ చివరికి ఆటోల వైపే మొగ్గింది. ఏప్రిల్ 23న ఫలితాలు వచ్చాయి. మన బడి నుంచి 62 మంది రాస్తే 54 మంది పాసయ్యారు. ఆ 13 మందిలో 12 మంది పాస్. ఒక అమ్మాయికి లెక్కల్లో పోయింది, మేలో సప్లిమెంటరీ రాస్తోంది.

లెక్కలంటే గుర్తొచ్చింది. పదో తరగతికి ఈ ఏడాదే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి. అదే సమయంలో మన బడిలో లెక్కల టీచరు పోస్టు ఖాళీ పడింది. దసరా సెలవుల దాకా సైన్సు సార్ రెండు సబ్జెక్టులూ లాగారు. తర్వాత ఊళ్లోనే ఉన్న, బీఎస్సీ బీఈడీ చదివిన ఒక చెల్లెలిని అడిగాం. నవంబరు నుంచి మార్చి దాకా నెలకు 6,000 చొప్పున ఐదు నెలలకు 30,000 ఇచ్చాం. ఆ అమ్మాయి చేసిన పనికి ఇది చాలా తక్కువ. ఆదివారాలు కూడా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి చెప్పింది. కమిటీ తరఫున ఆమెకు చేతులెత్తి మొక్కుతున్నాం.

స్టడీ అవర్‌లో పిల్లలు ఆకలితో ఉండకూడదని రోజూ ఏదో ఒకటి పెట్టించాం: ఉడకబెట్టిన శనక్కాయలు, అలసంద గుగ్గిళ్లు, బొరుగులు, శనివారం ఉగ్గాని. మధ్యాహ్న భోజనం వండే అక్కలే ఆగి చేశారు. వాళ్లకిచ్చిన కూలితో కలిపి రోజుకు సగటున 470 చొప్పున 84 రోజులకు 39,480 రూపాయలు. శనక్కాయలు సగం పైగా మన ఊరి రైతులే ఊరికే ఇచ్చారు, లేకపోతే ఈ అంకె ఇంకా పెరిగేది.

పబ్లిక్ పరీక్ష ఫీజు 125 రూపాయలే. అయినా 19 మంది పిల్లలు గడువు దగ్గరపడినా కట్టలేదు. అమ్మానాన్నలు బేల్దారి పనికి వలస పోయారు, పిల్లలు అవ్వల దగ్గర ఉన్నారు. కమిటీ 2,375 కట్టేసింది. వాళ్లలో 11 మంది పిల్లల తల్లిదండ్రులు ఉండేది మన బెంగళూరులోనే, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం చుట్టుపక్కల కట్టే బిల్డింగుల దగ్గర రేకుల షెడ్లలో. మన సభ్యులు ఇద్దరు రెండు ఆదివారాలు తిరిగి వాళ్లను కలిసి, పిల్లలు ఎలా చదువుతున్నారో చెప్పి వచ్చారు. ఏడుగురు అక్కడికక్కడే 125 తీసి ఇచ్చారు. వద్దన్నా ఊరుకోలేదు. ఆ 875 రూపాయలు చందాల్లో ఉన్నాయి. ఒక తల్లి అదనంగా రెండు వందలు చేతిలో పెట్టి, ‘ఆటో ఖర్చులో వేయండి’ అంది. వాళ్ల కూతురు ఆ ఆటోలోనే వస్తుంది.

ఎనిమిదో తరగతి పిల్లలు రాసే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష ఎన్ఎంఎంఎస్‌కు 38 మంది కూర్చున్నారు. ప్రాక్టీసు పుస్తకాలకు 5,320, పరీక్ష రోజు వ్యానుకు 5,500, మొత్తం 10,820. నలుగురు ఎంపికయ్యారు. ఒక్కొక్కరికి ఏడాదికి 12,000 చొప్పున తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా స్కాలర్‌షిప్ వస్తుంది. చదువు ఆపకుండా ఉంటే నలుగురికీ కలిపి 1,92,000. మనం ఏడాదంతా పోగుచేసిన డబ్బుకు దాదాపు సమానం. వచ్చే ఏడాది దీని మీద ఇంకా ఎక్కువ పెట్టాలని నా అభిప్రాయం.

మిగతావి చిన్నవి. అవెన్యూ రోడ్డులో హోల్‌సేల్‌గా కొన్న 62 పరీక్ష కిట్లకు, అంటే అట్ట, మూడు పెన్నులు, స్కేలు, పెన్సిలు, ఒక్కోటి 95 చొప్పున 5,890. వాలీబాల్ నెట్టు, బంతులు, మండల పోటీలకు దారి ఖర్చు 6,200. జనవరి 26 బహుమతి పుస్తకాలకు 4,385. బ్యాంకు చార్జీలు 236.

ఒక తప్పు కూడా చెప్పాలి. సైన్సు పాఠాలకు పనికొస్తుందని ఎస్పీ రోడ్డులో ఒక దుకాణంలో 14,500 పెట్టి పాత ప్రొజెక్టరు కొన్నాం. షాపులో బాగానే వెలిగింది. బడికి చేరిన మూడో రోజు ఆగిపోయింది. రసీదు మీద గ్యారంటీ మాట రాయించుకోలేదు, అది నా పొరపాటు. నాలుగు సార్లు తిరిగితే 6,000 వెనక్కి ఇచ్చారు. 8,500 నష్టం. ఇకపై అయిదు వేలు దాటిన ఏ వస్తువైనా ఇద్దరు సభ్యులు చూసి, గ్యారంటీ రాయించుకున్నాకే కొనాలని తీర్మానించాం.

మొత్తం ఖర్చు 1,81,336. మిగులు 16,038, కమిటీ ఖాతాలోనే ఉంది. బిల్లులు, ఆటోల సంతకాల పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంటు నా దగ్గర ఒకటి, బడిలో హెచ్ఎం మేడం దగ్గర ఒక కాపీ ఉన్నాయి. ఎవరైనా ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు.

జూన్ 12న బడి తెరుస్తారు. పదో తరగతికి వచ్చేవాళ్లలో ఆ రెండు దారుల ఆడపిల్లలు 15 మంది ఉన్నారు. ఆటోవాళ్లు ఇద్దరినీ అడిగాం, అదే రేటుకు వస్తామన్నారు.