ప్రమాదంలో తప్పెవరిదో రోడ్డు మీద తేల్చొద్దు

సంపాదకులకు,

యాసంగి కోతలు మొదలైతే చాలు, హన్మకొండ నుంచి కరీంనగర్, పరకాల, నర్సంపేట వెళ్లే రోడ్ల మీద రాత్రిపూట బైక్ నడపాలంటే భయమేస్తుంది. ధాన్యం ట్రాక్టర్లు వెనక లైటు గానీ రేడియం స్టిక్కర్ గానీ లేకుండా రోడ్డు మీదే ఆగి ఉంటాయి. మా వాడకట్టులో ఉండే సెంట్రింగ్ మేస్త్రీ ఒకాయన పని నుంచి వస్తూ చీకట్లో అలాంటి ట్రాక్టర్‌నే గుద్దుకున్నాడు. తొడ ఎముక విరిగింది. ఆయన ఆసుపత్రిలో ఉండగానే ఊళ్లో తీర్పు అయిపోయింది. ఆగి ఉన్న బండిని గుద్దినవాడిదే తప్పట, పైగా హెల్మెట్ లేదట. పెద్దమనుషులు యాభై వేలు ఇప్పించి, ఆయన భార్యతో రాజీ కాగితం మీద సంతకం పెట్టించారు. కేసే కాలేదు. ఆ డబ్బు ఆపరేషన్‌కే సరిపోలేదు. ఆయన ఇంకా పనికి పోలేకపోతున్నాడు.

ఆ తీర్పు అన్యాయం. ఇతరులకు ప్రమాదం కలిగేలా బండిని రోడ్డు మీద నిలపడం మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ ప్రకారం తప్పు. హెల్మెట్ లేనందుకు జరిమానా వేయండి, కాదనను. కానీ కాలు విరగడానికీ హెల్మెట్‌కూ సంబంధం ఏమిటి? ఒకే బైక్ మీద ముగ్గురు వెళ్లిన కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఆ ఉల్లంఘన ప్రమాదానికి కారణమైతే తప్ప పరిహారం తగ్గించకూడదంది. ఇద్దరిదీ తప్పున్నా, గాయపడినవాడి వాటా మేరకే కోత పడుతుంది.

అసలు తప్పు సంగతి తేల్చకుండానే అడగగలిగే పరిహారం కూడా ఉంది. అదే చట్టం 164వ సెక్షన్ కింద చనిపోతే 5 లక్షలు, తీవ్ర గాయమైతే రెండున్నర లక్షలు. ఎముక విరిగితే తీవ్ర గాయమే. ట్రాక్టర్ యజమానీ రైతే కదా. బండికి బీమా ఉండి కేసు నడిస్తే కంపెనీ కట్టాల్సిన సొమ్ము రాజీ వల్ల ఆయన జేబులోంచి పోయింది.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కు మొదటి నివేదిక పంపాలి. పది రోజుల్లో బాధితుల హక్కులు రాసి ఉన్న ఫారం 2 ఇవ్వాలి. 90 రోజుల్లో పూర్తి నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికనే ట్రిబ్యునల్ క్లెయిమ్ దరఖాస్తుగా తీసుకోవాలి. వీటిని పాటించాలని అదే ఏడాది డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా ఆదేశించింది. ఠాణా మెట్ల దగ్గరే రాజీ అయిపోతే ఇవేవీ మొదలే కావు. సొంతంగా దరఖాస్తు చేసుకోవడానికి చట్టం పెట్టిన గడువు ఆరు నెలలే. మంచం మీద ఉన్న మనిషికి ఆ ఆరు నెలలు ఎంతలో గడిచిపోతాయి!

వరంగల్ కమిషనరేట్ అధికారులకు నా విన్నపం ఒకటే. ఎముక విరిగిన ఏ ప్రమాదంలోనూ రాజీ కాగితం చూసి ఎఫ్‌ఐఆర్ ఆపొద్దు. ఫారం 2ను తెలుగులో అచ్చు వేయించి బాధితుల ఇంటివాళ్ల చేతికే ఇవ్వండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను పెట్టే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఫోన్ నంబర్‌ను ఆ కాగితం మీదే వేయించండి.

– ఒక పాఠకుడు, హసన్‌పర్తి